ఆదివారం పిల్ల, నీలం బండి

"నేనే నడిపానని చెప్పాను. చెప్పింది చెప్పినట్టే ఉంటుంది. ఇంక ఈ ఇంట్లో దాని మీద మాట లేదు," అంది సీదా, బొగ్గుల మీద పచ్చిమిరపకాయలు తిరగేస్తూ.

మాట లేదన్న మనిషి తెల్లారినప్పటినుంచీ అదే మాట అంటోంది. గుమ్మం దగ్గర పీట వేసుకుని వెల్లుల్లి వలుస్తున్న కోడలు బుసబా మాత్రం ఇప్పటిదాకా నోరు విప్పలేదు. కుడి భుజం మీద కట్టుకున్న మూలికల మూట జారిపోతుంటే ఎడంచేత్తో సర్దుకుంటోంది, మళ్ళీ వెల్లుల్లి అందుకుంటోంది.

వాకిట్లో నీలం పికప్ బండి మొహం పగిలి నిలబడి ఉంది. ముందు దీపం ఒకటి వైరుకి వేలాడుతోంది. బంపరు నిన్ననే ఊడి చేతికొచ్చేస్తే తెచ్చి జామచెట్టుకి ఆనించారు. వెనక తలుపు మీద అంటించిన స్టిక్కరు మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద "ఈ బండి ఆకుపచ్చది" అని రాసి ఉంది.

ఫ్రే ఊళ్ళో అలాంటి స్టిక్కర్లు చాలా బళ్ళకి కనిపిస్తాయి. పుట్టిన వారానికి పడని రంగు బండి కొన్నవాళ్ళు, పడే రంగు పేరు రాసి అంటించుకుంటారు. గ్రహాలు అది చదువుకుని, ఓహో ఇది ఆకుపచ్చదే కాబోలు అనుకుని పక్కకి తప్పుకుంటాయి. బుసబా ఆదివారం పుట్టింది. ఆదివారం వాళ్ళకి నీలం అచ్చిరాదు. అందుకే మెళ్ళో గొలుసు అమ్మి కొన్నది బుసబాయే అయినా, బండి శుక్రవారం పుట్టిన అత్తగారి పేరు మీద ఉంది. శుక్రవారం వాళ్ళకి నీలమంటే పుట్టింటి రంగు. పేరు నాదయ్యాక మళ్ళీ ఈ స్టిక్కరెందుకే అని సీదా అప్పట్లో అడిగింది. ఉంటే పోయేదేముందమ్మా అంది బుసబా. అక్కడ కోడళ్ళు అత్తల్ని అమ్మా అనే పిలుస్తారు.

బండి పేరుతో ఊరుకున్నా పోయేది. ఇన్సూరెన్సు కట్టేటప్పుడు సీదా మేనల్లుడు, ఆ ఏజెంటు మహానుభావుడు, నడిపేవాళ్ళ పేరు రాయాల్సిన చోట కూడా సీదా పేరే రాశాడు. పెద్దవయసు వాళ్ళ పేరుంటే ప్రీమియం తగ్గుతుందట. లైసెన్సుందా అత్తా అని అడిగితే సీదా బీరువాలోంచి తీసి దర్జాగా చూపించింది. జీవితాంతం చెల్లే లైసెన్సులు ఇచ్చే రోజుల్లో, మొగుడి పొగాకు లారీని మిల్లు ఆవరణలో కాస్త తిప్పి సంపాదించిన లైసెన్సది. ఆ తర్వాత ఆమె స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు. వెళ్తూ వెళ్తూ మేనల్లుడు ఒక మాట అన్నాడు. "అత్తా, నీ పేరు తప్ప ఇంకో పేరు లేదు. వేరేవాళ్ళ చెయ్యి స్టీరింగు మీద పడిందంటే కంపెనీ ఒక్క సతాంగు, చిల్లిపైసా కూడా ఇవ్వదు, గుర్తుపెట్టుకో."

సీదా గుర్తుపెట్టుకుంది. ఆ గుర్తుపెట్టుకోవడమే ఇంతదాకా తెచ్చింది.

నిన్న పొద్దున సంతకి పచ్చడి గిన్నెలు వేసుకుని వెళ్తుంటే కుక్క అడ్డొచ్చింది. బుసబా బ్రేకు తొక్కింది. వానకి తడిసిన ఆకుల మీద బండి జారి, మూన్ మామ చెరుకురసం బండిని తోసుకుంటూ పోయి మిల్లు గోడకి కొట్టుకుంది. మూన్ మామ పుణ్యం చేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఒంటేలుకి మిల్లు వెనక్కి వెళ్ళాడు. ఆయన పంచె సర్దుకుంటూ తిరిగొచ్చేసరికి అత్తాకోడళ్ళిద్దరూ రోడ్డు మీద ఒకళ్ళ ఒళ్ళు ఒకళ్ళు తడుముకుంటున్నారు. కాసేపటికి ఇన్సూరెన్సు కంపెనీ కుర్రాడు మోటారుసైకిలు మీద వచ్చి ఫోటోలు తీసి, నడిపిందెవరని అడిగాడు. బుసబా నోరు తెరిచేలోపు సీదా బళ్ళో పిల్లలా చెయ్యెత్తింది.

అదీ సంగతి.

"అమ్మా, ఒక్కటి అడుగుతాను," అంది బుసబా చివరికి.

"అడక్కు."

"క్లచ్ ఎక్కడుంటుంది?"

సీదా ఒక మిరపకాయ తిరగేసింది. "కాళ్ళ దగ్గర."

"ఏ కాలి దగ్గర?"

"ఏ కాలు ఖాళీగా ఉంటే ఆ కాలి దగ్గర."

బుసబాకి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టేనని పెదవి కొరుక్కుంది.

"ఆ కుర్రాడు ఇవాళ మధ్యాహ్నం వస్తానన్నాడు. నిన్నటిది నోటిమాట. ఇవాళ సంతకం పెట్టాలి."

"పెడతాను. నాకు సంతకం వచ్చు."

"అబద్ధానికి పెడితే కేసవుతుందమ్మా."

"అవనీ. ఈ వయసులో నన్ను తీసుకెళ్ళి ఏం చేస్తారు, కూర్చోబెట్టి అన్నం పెడతారు. నిన్ను తీసుకెళ్తే రేపు సంతలో పచ్చడెవరమ్ముతారు?"

"నన్నెందుకు తీసుకెళ్తారు? కుక్క అడ్డొచ్చింది."

"ఆ కుక్కొచ్చి సాక్ష్యం చెబుతుందా?"

బుసబా వలిచిన రెబ్బలన్నీ గిన్నెలో పడేసింది. కొంచెం గట్టిగానే పడేసింది. అప్పుడు ఫోను మోగింది.

సీదా చేతులనిండా మిరపకారం. మోచేత్తో ఫోను మీద నొక్కింది. ఆమె ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది, అందుకే ఆ ఇంట్లో ఫోను మాటలకి రహస్యం లేదు.

"అమ్మా, బండి గుద్దారటగా?" విరాత్ గొంతు. సీదాకి ఒక్కడే కొడుకు, బుసబాకి మొగుడు. రయోంగ్‌లో ఫ్యాక్టరీ పనికని వెళ్ళి, అక్కడే ఇంకో ఆడమనిషితో కాపురం పెట్టుకున్నాడు. పండక్కి కూడా రాడు.

"మనుషులు బాగానే ఉన్నారు. అడిగావు కాబట్టి చెబుతున్నాను," అంది సీదా.

"అదే అడగబోతున్నాను. ఇన్సూరెన్సు కట్టించిన బావ ఫోను చేశాడు, నువ్వే నడిపానని చెప్పావట. మంచి పని చేశావమ్మా. ఆ మాట మీదే గట్టిగా ఉండు. దాని పేరు ఎక్కడా రానివ్వకు."

"దాని అంటే?"

"బుసబా పేరు. కాయితాల్లో ఒకసారి పేరెక్కిందంటే రేపు బండి నాదంటుంది. రిపేరయ్యాక నేనొచ్చి పట్టుకెళ్తాను. ఇక్కడ సరుకు తోలుకోవడానికి పనికొస్తుంది. నీ పేరు మీదున్నది ఎప్పటికైనా నాదేగా."

సీదా గుమ్మం వైపు చూసింది. బుసబా చేతిలో వెల్లుల్లిపాయ సగం పొట్టుతో అలాగే ఉండిపోయింది.

"పొయ్యి మీద మాడిపోతున్నాయిరా," అని సీదా మోచేత్తోనే ఫోను కట్టేసింది.

మాడలేదు. చక్కగా కాలి, పొట్టు ఊడి, ఘాటుగా వాసనేస్తున్నాయి. సీదా వాటిని పళ్ళెంలోకి తీసి, రోలు ముందుకి లాక్కుని, నూరడం మొదలుపెట్టింది. రోజూ ఆమె నూరుతుంటే ఏదో ఒక మాట నడుస్తూ ఉంటుంది. పక్కింటి కోడి గురించో, మూన్ మామ పళ్ళ గురించో. ఇవాళ రోకలి చప్పుడు తప్ప ఏమీ లేదు. బుసబా ఉప్పు అందించింది. సీదా అందుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"వాడేదో వాగుతాడు," అంది సీదా.

"వాగలేదు. ఉన్నమాటే చెప్పాడు."

"వాడికి బండి ఇస్తానని నేనన్నానా?"

"ఇవ్వనని కూడా అనలేదుగా. మిరపకాయలు మాడుతున్నాయన్నారు."

సీదా రోకలి ఆగి మళ్ళీ కదిలింది.

బుసబా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచే మనిషి కాదు, అదే సీదాకి భయం.

"అమ్మా, గొలుసు గురించి కాదు నేననేది. చీకటితో లేచి ఆ బండి తీసేది నేను. టైరు పోతే వానలో మార్చేది నేను. మీకు రక్తపోటు పెరిగి కళ్ళు తిరిగితే కొండదారిలో మంచులో ఆస్పత్రికి తీసుకెళ్ళిందీ నేనే. కాయితాల్లో మాత్రం ఎక్కడా లేను. మంచికి లేను, సరే అనుకున్నాను. కనీసం తప్పుకైనా ఉంటాననుకున్నాను. గుద్దింది బుసబా అని ఒక్కచోటైనా రాస్తారనుకున్నాను. అది కూడా మీరే తీసేసుకున్నారు."

"నీ కోసమే కదే..."

"తెలుసు. అందుకే ఏడుపొస్తోంది."

నిజంగానే వచ్చింది. చేతులకి వెల్లుల్లి, కళ్ళు తుడుచుకోవడానికి లేదు. భుజంతో తుడుచుకోబోయి నొప్పికి ఆగిపోయింది. సీదా లేచి వచ్చి తన భుజం మీది కండువా కొంగుతో, కారం అంటని పక్క చూసుకుని, కోడలి మొహం తుడిచింది. చిన్నపిల్లకి తుడిచినట్టు ముక్కు కూడా తుడిచింది.

"నేను ఫయావ్ వెళ్తాను," అంది బుసబా ఆ కొంగులోంచే. ఫయావ్‌లో ఆమె తల్లి ఉంది.

"వెళ్ళు. మీ అమ్మని చూసి చాలా రోజులైంది. ఎన్నాళ్ళుంటావు?"

"తెలీదు."

సీదా చెయ్యి కోడలి చెంప మీదే ఆగిపోయింది. వెళ్ళి వెదురు బుట్టలోంచి వేడివేడి జిగురన్నం తీసి, పచ్చడి వేసి, కరకరలాడే పందితోలు వడియాలు ఎప్పటికంటే ఎక్కువ పెట్టి, కోడలి ముందు ఉంచింది. బుసబా కొంచెం తిని, లేచి, లోపలికి వెళ్ళి సంచీలో బట్టలు సర్దుకుంది. సంచీ తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. సీదా ఆ సంచీ కేసి చూడకుండా దాని పక్కనుంచే నాలుగైదుసార్లు అటూ ఇటూ నడిచింది.

మధ్యాహ్నం ఎండ చల్లారక ముందే ఇన్సూరెన్సు కుర్రాడు వచ్చాడు. పేరు తవీ. హెల్మెట్ తీసి, చెప్పులు విప్పి, చేతులు జోడించి, వెదురు అరుగు మీద కూర్చున్నాడు. వచ్చినవాడికి తిండి పెట్టకుండా సీదా మాట్లాడదు. పచ్చడి తిని అతనికి చెమటలు పట్టాయి.

"బాగుంది పెద్దమ్మా."

"ఇంకొంచెం వెయ్యనా?"

"వద్దు, కాయితం మీద కారుతోంది చెమట."

అతను సంచీలోంచి కాయితాలు తీసి, బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, కలం తీశాడు. బుసబా గుమ్మంలో సంచీ పక్కన కూర్చుంది. ఇవాళ ఆమె ఏమీ మాట్లాడకూడదని నిర్ణయించుకున్నట్టుంది.

"నిన్న హడావుడిలో అడగలేదు. దెబ్బలేమైనా తగిలాయా పెద్దమ్మా?"

"పెద్దగా ఏం లేదు నాయనా. బెల్టు ఒరుసుకుంది. రాత్రంతా ఒకటే సలుపు."

"ఏ భుజం?"

"ఇది," అని సీదా ఎడమ భుజం పట్టుకుని చూపించింది. నోరు అబద్ధం నేర్చుకుంది కానీ భుజం నేర్చుకోలేదు.

తవీ ఏమీ రాసుకోలేదు. గుమ్మంలో బుసబా కుడి భుజం మీద మూలికల మూట కేసి చూశాడు. కలం కాయితం మీద పెట్టి, మూత పెట్టేశాడు.

"పెద్దమ్మా, మన బళ్ళకి స్టీరింగు కుడిపక్క. నడిపేవాళ్ళ బెల్టు కుడి భుజం మీంచి దిగుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళది ఎడమ భుజం మీంచి."

సీదా భుజం మీంచి చెయ్యి తీసేసింది. "నేను నిన్న కాస్త పక్కకి తిరిగి కూర్చున్నాలే."

"వెనక్కి తిరిగి కూర్చుంటే తప్ప అది ఎడమ భుజానికి రాదు."

"వెనక్కి తిరిగి నడపకూడదా?"

తవీ నవ్వాపుకున్నాడు. మంచి కుర్రాడు. తన అమ్మమ్మతో మాట్లాడినట్టు గొంతు తగ్గించాడు. "నిన్న మీరన్నది నేను రాసుకోలేదు పెద్దమ్మా. గుద్దిన కంగారులో ఎవరైనా ఏదైనా అంటారు. ఇవాళ అడిగి రాసుకుంటాను, దాని కింద మీరు సంతకం పెడతారు. అందుకే ఇవాళ నెమ్మదిగా ఆలోచించి చెప్పండి."

"ఆలోచించడానికేముంది. నా పేరు తప్ప కాయితంలో ఇంకో పేరు లేదు. వేరేవాళ్ళు నడిపితే ఒక్క సతాంగు ఇవ్వరటగా మీరు."

"ఎవరన్నారు?"

"మా మేనల్లుడు. వాడే కట్టించాడు."

"భయపెట్టడానికి అని ఉంటాడు. పేరు లేనివాళ్ళు నడిపితే, బాగుచేసే ఖర్చులో మొదటి కొంత మీరు పెట్టుకోవాలి. మిగతాది కంపెనీ పెట్టుకుంటుంది. మూన్ మామ చెరుకు బండికీ అంతే. అక్కకి లైసెన్సుంది కదా?"

బుసబా తలూపింది.

"మరి ఇబ్బందేం లేదు. కానీ నడిపింది ఒకళ్ళయితే ఇంకొకళ్ళ పేరు రాసి సంతకం పెట్టారనుకోండి, అప్పుడు మొత్తం ఆగిపోతుంది. మీ బండీ ఆగిపోతుంది, మూన్ మామదీ ఆగిపోతుంది."

సీదా తవీ తిన్న పళ్ళెం తన దగ్గరికి లాక్కుంది. ఈ రెండు రోజులూ తనేదో మోసేస్తున్నాననుకుంది. మోసింది ఉత్త బరువు. పైగా ఆ బరువు తీసుకెళ్ళి కోడలి మీదే పడేసింది. నిజం చెప్పి ఉంటే నిన్ననే తేలిపోయేది. పొద్దున ఆ ఫోను వచ్చినా, ఆ మాటలు వినాల్సి వచ్చినా, గుమ్మం పక్కన ఆ సంచీ ఉండేది కాదు.

"మేనల్లుడు మళ్ళీ పచ్చడికి రానీ," అంది లోపల్లోపల.

తవీ కలం మూత తీశాడు. "చెప్పండి పెద్దమ్మా. ఈ బండి మామూలుగా నడిపేదెవరు?"

చిన్న ప్రశ్న. ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు, మూన్ మామ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. సీదా మాత్రం వెంటనే చెప్పలేకపోయింది. చెబితే పేరెక్కుతుంది. పేరెక్కితే విరాత్ ఊరుకోడు. అది ఒకటి. ఇంకొకటి వేరే ఉంది, అది ఆమె ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

గుమ్మంలోంచి సాయం రాలేదు. బుసబా కాళ్ళ దగ్గర నేల కేసి చూస్తోంది.

"బుసబా," అంది సీదా. "మొదట్నుంచీ అదే నడుపుతుంది. నాకు క్లచ్ ఎక్కడుందో కూడా తెలీదు."

తవీ రాసుకున్నాడు. రాసుకుంటూ మామూలుగా అడిగాడు. "మరి బండి అక్క పేరు మీద పెట్టుకోలేదేం?"

"ఆదివారం పుట్టింది. నీలం పడదు."

"ఓ," అన్నాడు తవీ, అన్నీ అర్థమైనట్టు. "మా ఇంట్లోనూ అంతే. మా ఆవిడ శనివారం పుట్టింది, ఆకుపచ్చ బకెట్ కూడా కొననివ్వదు."

అక్కడితో ఆగిపోయుండేది. తవీ కాయితం తిప్పేశాడు కూడా. సీదాయే ఆపలేకపోయింది. ఒక అబద్ధం దించేసిన చేతికి రెండోది మరీ బరువనిపిస్తుంది.

"అది కూడా నిజం కాదు," అంది.

బుసబా తలెత్తింది.

"ఆదివారం నిజమే. నీలం పడదన్నదీ నిజమే. గుడి దగ్గర ఇంతా అని ఒక ముసలాయన ఉన్నాడు చూడు, ఒకప్పుడు సన్యాసి, వారాలూ రంగులూ ఆయనే చెబుతాడు. బండి కొనేముందు ఆయన్ని అడగడానికి నేనే వెళ్ళాను. దానికింత గొడవెందుకు, ఒక స్టిక్కరు అంటించుకోమను, పేరు ఆ పిల్లదే పెట్టు అన్నాడు. నేను ఇంటికొచ్చి, ఆదివారం పిల్ల పేరు మీద ససేమిరా వద్దన్నాడు అని చెప్పాను."

తవీ మంచినీళ్ళ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. పాపం, అతనికి ఎటు చూడాలో తెలియలేదు.

"ఎందుకు చెప్పానంటావా," అంది సీదా. అంటున్నది కుర్రాడితోనే, చూస్తున్నది మాత్రం రోలు కేసి. "మా వాడు వెళ్ళిపోయి అప్పటికి ఎన్నాళ్ళయిందని. పిల్లాజెల్లా లేదు. దీనికి ఇక్కడేముంది, నేనూ రోలూ తప్ప. బండి దాని పేరు మీదుంటే ఒక పొద్దున సామానేసుకుని ఫయావ్ వెళ్ళిపోతుందనుకున్నాను. పేరు నాదైతే, అడక్కుండా వెళ్ళదనుకున్నాను. అంతే. భయం నాయనా. కొడుకు పోతే ఏడ్చాను. ఇది కూడా పోతే ఏడవడానికి కూడా పక్కన ఎవరూ ఉండరనుకున్నాను."

జామచెట్టు మీద పిట్ట ఒకటి అరిచి ఊరుకుంది.

"తెలుసమ్మా," అంది బుసబా.

"ఏం తెలుసు?"

"స్టిక్కరు ఎవరిచ్చారనుకున్నారు?"

సీదా బండి వెనక తలుపు కేసి చూసింది. ఆకుపచ్చదని రాసున్న ఆ మూడు ముక్కలూ మొదటిసారి చదువుతున్నట్టు చూసింది.

"బండి కొన్న వారంలోనే నేనూ వెళ్ళాను ఆయన దగ్గరికి, పూలు పట్టుకుని. బండి మీ పేరు మీదున్నా నడిపేది నేను కదా, నాకేమైనా అవుతుందా అని అడుగుదామని. మీ అత్తకి చెప్పానే, స్టిక్కరు చాలని, పేరు నీదే పెట్టమని, అన్నాడు. సొరుగులోంచి ఆయనే తీసిచ్చాడు."

"ఇన్నాళ్ళూ తెలిసి నన్నడగలేదేం?"

"అడిగితే ఏం చెప్పేవారు?"

సీదా ఆలోచించింది. "ఏడ్చేదాన్ని."

"అందుకే." బుసబా భుజం మీది మూట సర్దుకుంది. "పేరు మీ దగ్గరుంటే మీకు నిద్ర పడుతుంది. తాళంచెవి నా దగ్గరుంది, నాకది చాలనుకున్నాను. పొద్దున ఆ ఫోను వచ్చేదాకా చాలనే అనుకున్నాను."

సీదా కోడలి దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు, పరాయి కుర్రాడి ముందు అంత పని చెయ్యడం ఇష్టం లేకపోయింది. తిన్నగా రోలు దగ్గరికి వెళ్ళి కూర్చుని, మిగిలిన మిరపకాయలు రోట్లో వేసుకుంది.

"రవాణా ఆఫీసు సోమవారం తెరుస్తారా నాయనా?" అని అడిగింది.

"తెరుస్తారు పెద్దమ్మా. పేరు మార్పిడికా?"

"ఊఁ."

"ఇద్దరూ వెళ్ళాలి. అమ్మేవాళ్ళూ, తీసుకునేవాళ్ళూ."

"అమ్మడమేమిటి, దానిది దానికి ఇవ్వడం." రోకలితో ఒక దెబ్బ వేసింది. "ముందు నీ కాయితం పూర్తి చెయ్యి. ఎక్కడా తప్పు పోకుండా రాయి. పేరు పెద్ద అక్షరాల్లో రాయి."

తవీ రాశాడు. పేరు రాశాడు, కుక్క అని రాశాడు, తడి ఆకులు అని రాశాడు. బుసబా గుర్తింపు కార్డు అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఆగాడు.

"అక్కా, కార్డులో ఫయావ్ చిరునామా ఉంది. కంపెనీ వాళ్ళు ఏదైనా పంపాలన్నా, ఎవరైనా రావాలన్నా, మిమ్మల్ని ఎక్కడ కలవాలి? ఇక్కడేనా, అక్కడా?"

రోలు చప్పుడు ఆగిపోయింది.

అతనికేం తెలుసు. కాయితంలో ఒక గడి ఖాళీగా ఉంది, అడిగాడు. సీదా చూపు మొదటిసారి గుమ్మం పక్కనున్న సంచీ మీద పడింది, పడి అక్కడే ఉండిపోయింది. అరుగు మీద ఫోను మోగడం మొదలుపెట్టింది. దాని మీద విరాత్ పేరు వెలుగుతోంది. తవీ దాన్నీ, వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మోగి మోగి అదే ఊరుకుంది.

"ఇప్పటికి ఇదే రాయండి," అంది బుసబా.

సీదా రోకలి ఎత్తింది. ఎత్తింది దించకుండానే, "ఇప్పటికి అంటే ఎప్పటిదాకానే?" అని అడిగింది.

బుసబా సంచీని మోకాలితో కాస్త పక్కకి జరిపి, వెల్లుల్లి గిన్నె ముందుకి లాక్కుని, ఇంకో పాయ విడదీసింది.